నిద్రవేళ వెలుగు

జపాన్ దేశంలో 1997 డిసెంబరు 16వ తేదీ సాయంత్రం ఆరున్నర గంటలకు పిల్లలు ఎప్పటిలాగే టెలివిజన్ల ముందు చేరారు. ‘పోకెమాన్’ అనే బొమ్మల కథ వారం వారం ఆ వేళకు వచ్చేది. కథ మొదలైన ఇరవై నిమిషాలకు తెరమీద ఒక పేలుడు దృశ్యం కనిపించింది. ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మారుతూ కొన్ని క్షణాలపాటు తెరనిండా మెరిశాయి. చూస్తున్న పిల్లలలో కొందరికి తల తిరిగింది, కొందరికి వాంతులయ్యాయి. మరికొందరు స్పృహ తప్పి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయారు. ఆ రాత్రి 685 మంది పిల్లలను ఆసుపత్రులకు తరలించారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కాని ఫిట్స్ వచ్చిన పిల్లలలో ఎక్కువమందికి అంతకుముందు ఎన్నడూ అవి వచ్చిన దాఖలా లేదు. ఆ కార్యక్రమాన్ని నాలుగు నెలలపాటు నిలిపివేశారు. ఆనాటి భాగాన్ని మళ్లీ ఏనాడూ ప్రసారం చేయలేదు.

ఇటువంటి సంగతి విన్నప్పుడు ‘టీవీ చూస్తే ఫిట్స్ వస్తాయి’, ‘సెల్‌ఫోను చూస్తే ఫిట్స్ వస్తాయి’ అని అనుకోవడం సహజం. ఫిట్స్ వచ్చే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజముంది. అయితే ఆ నిజం జనం అనుకొనే చోట లేదు. వెలుగు మనిషి మెదడు మీద రెండు వేర్వేరు దారులలో పనిచేస్తుంది. ఒక దారి కొద్దిమందికే సంబంధించినది. రెండవది అందరిదీ. ఈ రెండింటినీ కలగలిపితే భయపడవలసిన చోట ధైర్యంగానూ, భయం అక్కరలేని చోట పిరికిగానూ ఉంటాము.

ముందుగా ఈ జబ్బు సంగతి చూద్దాం. దీనికి ఒక్కో చోట ఒక్కో పేరు. హోసూరులో తెలుగువారు ఇంట్లో మూర్ఛ అంటే, పక్కింటి తమిళులు వలిప్పు అనీ, కాక్కా వలిప్పు అనీ అంటారు. బళ్లారిలో కన్నడిగులు మూర్ఛెరోగ అంటారు. షోలాపూరు వైపు మిరగీ అనే మాట వాడుకలో ఉంది. ఫిట్స్ అంటే అన్ని చోట్లా తెలుస్తుంది. సంస్కృత వైద్యగ్రంథాలలో దీని పేరు అపస్మారం, అంటే స్మృతి తప్పడం. చరకసంహితలో దీనికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. నటరాజ విగ్రహంలో స్వామి పాదం కింద పడి ఉండే మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. తమిళనాడులో అతనిని ముయలకన్ అంటారు. దయ్యం పట్టిందనీ, గాలి సోకిందనీ చెప్పుకొన్న కాలంలోనే, క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతంలో, హిప్పోక్రటీసు పేరిట వెలసిన ఒక గ్రీకు గ్రంథం ఇది మెదడుకు వచ్చే జబ్బేనని స్పష్టంగా చెప్పింది. అయినా ఆ మాట జనంలోకి రావడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. కొన్ని ఇళ్లలోకి ఇంకా రాలేదు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి అతి సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొట్టమొదటిసారి మనిషి తల మీద నుంచి ఈ విద్యుత్తును కాగితం మీదికి గీతలుగా ఎక్కించాడు. నేడు ఆసుపత్రులలో ఇ.ఇ.జి. అని పిలిచే పరీక్ష అదే.

సంత జరిగే రోజున దూరం నుంచి వింటే ఒక్కటే రొద. కాని దగ్గరికి వెళితే ఒకచోట బేరం, ఒకచోట పలకరింపు, మరొకచోట తగవు. ఎవరి మాట వారిదే, ఎవరి పని వారిదే. ఆ సంతలోని వారంతా ఒక్కసారిగా ఒకే మాటను ఒకే తాళానికి అరవడం మొదలుపెట్టారనుకోండి. గొంతులు పెద్దవైనా బేరమంటూ ఒక్కటీ సాగదు. మెదడులోని కణాలు అదుపు తప్పి ఒక్కుమ్మడిగా సంకేతాలు వెలువరించినప్పుడు వచ్చేదే మూర్ఛ. మెదడంతటా అలా జరిగితే మనిషి పడిపోతాడు. ఒక మూలనే జరిగితే ఒక చెయ్యి మాత్రమే అదరవచ్చు, లేదా కొన్ని క్షణాలు రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోవచ్చు.

ఇక వెలుగు చేసే మొదటి పని. కంటి ద్వారా వచ్చే దృశ్యం తల వెనుక భాగంలో ఉన్న మెదడు పొరకు చేరుతుంది. వెలుగు ఆగి ఆగి మెరిసినప్పుడు అక్కడి కణాలు ఆ మెరుపుతో పాటే లయ పట్టుకుంటాయి. ఇది అందరిలోనూ జరుగుతుంది. కొద్దిమందిలో మాత్రం ఆ లయ అక్కడితో ఆగక మెదడంతా పాకుతుంది. మూర్ఛవ్యాధి ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు ముగ్గురు ఇటువంటివారు. ఎక్కువగా బాలబాలికలలో, కౌమార దశలో ఇది బయటపడుతుంది. సెకనుకు 15 నుంచి 25 మెరుపులు అన్నిటికంటే ప్రమాదకరం. నిండు ఎరుపు మరింత చెరుపు చేస్తుంది.

ఈ మెరుపులకు తెరే కావాలని లేదు. బారుగా ఉన్న కొబ్బరిచెట్ల వెంట బస్సు వేగంగా పోతున్నప్పుడు పక్కనుంచి పడే ఎండ కిటికీలో అదేపనిగా మెరుస్తుంది. పొద్దువాలేవేళ చెరువు అలల మీద వెలుగు తళతళలాడుతుంది. జాతరలోనూ పెళ్లి ఊరేగింపులోనూ పాటకు తగినట్టు కొట్టుకొనే రంగుల దీపాలు సరేసరి. చెడిపోయి టపటపా వెలిగి ఆరే ట్యూబులైటు కూడా ఈ కోవలోదే. పాతకాలపు డబ్బా టీవీలలో బొమ్మ సెకనుకు 50 సార్లు మినుకుతూ ఉండేది. దగ్గరగా కూర్చుంటే ఆ మినుకు మరింత బాధించేది. అందుకే టీవీకి ఎడంగా కూర్చోమని పెద్దలు చెప్పిన మాట ఆ రోజులలో ఇటువంటి పిల్లల విషయంలో అక్షరాలా నిజం. ఇప్పటి పలుచని తెరలు అలా మినకవు. కాబట్టి సెల్‌ఫోను తెర వెలిగినంత మాత్రాన ఫిట్స్ రావు. ఆ తెరమీద ఏం మెరుస్తున్నదీ అనేదే ప్రశ్న. బ్రిటన్‌లో 1993లో ఒక వాణిజ్య ప్రకటన వల్ల కొందరికి ఫిట్స్ రాగా, ఆ తరువాత సెకనుకు మూడు కంటే ఎక్కువ మెరుపులు ఉండరాదని నియమం పెట్టుకున్నారు. జపాన్ కూడా 1998లో నియమాలు చేసుకుంది.

అనుకోకుండా ఇటువంటి మెరుపు ఎదురైతే, ఆ లక్షణం ఉన్నవారు అరచేతితో ఒక కన్ను పూర్తిగా మూసి తల పక్కకు తిప్పుకోవాలి. రెండు కళ్లూ గట్టిగా మూసుకుంటే చాలుననిపిస్తుంది గాని, పలుచని రెప్పల గుండా వెలుగు ఎర్రగా మారి లోపలికి వస్తూనే ఉంటుంది.

ఈ మొదటి దారి వందమంది రోగులలో ముగ్గురిది. మరి తక్కిన తొంభై ఏడుగురి మాట ఏమిటి? వారు తెరకు భయపడనక్కరలేదా? ఇక్కడే రెండవ దారి మొదలవుతుంది. ఇది మెరుపుల దారి కాదు, నిలకడగా వెలిగే మామూలు వెలుగు దారి. అది నిద్ర మీదుగా పోతుంది.

కంట్లో దృశ్యాన్ని చూసే కణాలు కాక మరొక రకం కణాలు ఉన్నాయని 2002 ప్రాంతంలో రుజువైంది. వీటికి రూపంతో, బొమ్మతో పని లేదు. బయట పగలా, రాత్రా అని కనిపెట్టడమే వీటి కొలువు. ఆకాశపు నీలివెలుగుకు ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. ఇవి పంపే వార్త కనుబొమల వెనుక లోతుగా, మెదడు అడుగున ఉన్న ఒక చిన్న కణాల గుంపుకు చేరుతుంది. బియ్యపు గింజ కంటే పెద్దది కాని ఆ గుంపే శరీరానికి గడియారం. అది చీకటి పడిందని నమ్మిన తరువాత, కందిగింజంత ఉండే పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దీనిని 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం వేరుచేసింది. మెలటోనిన్ నిద్రమాత్ర వంటిది కాదు. ఊళ్లో దండోరా వేసేవాడు ‘రాత్రయిందహో’ అని చాటినట్టు శరీరమంతటికీ కబురు చెప్పడమే దాని పని. అది విని ఒళ్లు చల్లబడుతుంది, ఆలోచనలు నెమ్మదిస్తాయి.

ప్రకాశవంతమైన వెలుగు పడితే ఈ దండోరా ఆగిపోతుందని 1980లో తేలింది. మధ్యాహ్నపు ఎండ ఒక లక్ష లక్సుల దాకా ఉంటుంది. లక్సు వెలుగును కొలిచే ప్రమాణం. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సు కూడా ఉండదు. నూనెదీపం వెలుగు కొద్ది లక్సులు మాత్రమే. కరెంటు వచ్చేదాకా మనిషి కన్ను సూర్యాస్తమయం తరువాత చూసిన వెలుగు ఇంతే. బోస్టన్ నగరంలో జరిపి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 12 మందిని పడుకోబోయే ముందు నాలుగు గంటలు వెలుగుతెర మీద పుస్తకం చదవమన్నారు. ఐదు రాత్రులు అలా గడిచాయి. మరో ఐదు రాత్రులు మామూలు అచ్చుపుస్తకాన్ని మసక వెలుగులో చదవమన్నారు. తెర చదివిన రోజులలో వారి మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది. మరునాటి రాత్రి అది రావలసిన వేళకంటే గంటన్నర ఆలస్యంగా వచ్చింది. నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది.

పది నిమిషాలేగా అనిపించవచ్చు. నిజమే, నీలివెలుగును గురించి పత్రికలలో వచ్చేదంతా నమ్మనక్కరలేదు. పగలు ఆరుబయట ఎండలో తిరిగినవారికి రాత్రివేళ తెర వెలుగు చేసే చెరుపు తక్కువ కూడాను. కాని తెర దోచుకొనేది వెలుగు ద్వారా మాత్రమే కాదు. పుస్తకంలో పాఠం ముగుస్తుంది. తెరమీద ముగింపు లేదు. ఒక బొమ్మ కాగానే ఇంకొకటి, ఒక ఆట కాగానే ఇంకొక ఆట. పది గంటలకు చేతిలోకి తీసుకున్నది పన్నెండు గంటలకు గాని కిందకు దిగదు. కౌమార దశలో శరీర గడియారం సహజంగానే గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. ఆ వయసు పిల్లలకు రాత్రిపూట 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. బడి గంట మాత్రం ఎవరికోసమూ వెనక్కి జరగదు. ఆలస్యంగా పట్టిన నిద్రను తెల్లవారుజామునే కోసివేయవలసి వస్తుంది.

మామూలు పిల్లలైతే మరునాడు తరగతిలో ఆవులిస్తారు, లెక్క తప్పుతారు. మూర్ఛ ఉన్న పిల్లలకు కోతపడిన ఆ నిద్రే ప్రమాదం. నిద్ర చాలని మెదడులో కణాలు చిన్న కదలికకే ఉలిక్కిపడి స్పందిస్తాయి. వాటిని అదుపులో ఉంచే శక్తి సన్నగిల్లుతుంది. ఫిట్స్‌ను రేపే కారణాలలో మందు మానడం, నిద్ర చాలకపోవడం ముందు వరుసలో ఉంటాయి.

1957లో జర్మనీ వైద్యులు యాంట్స్, క్రిస్టియాన్ వివరించిన ఒక రకం మూర్ఛను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. అది సాధారణంగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య మొదలవుతుంది. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. పొద్దున్నే లేచిన కాసేపటికి ఆమె చేతులు తటాలున అదురుతాయి. పళ్లు తోముకొనే బ్రష్షు ఎగిరిపడుతుంది, కాఫీగ్లాసు చేజారి పగులుతుంది. స్పృహలోనే ఉంటుంది కాబట్టి అది జబ్బని ఎవరికీ తోచదు. “చేతిలో వస్తువు నిలవదు, ధ్యాస ఎక్కడ పెట్టుకుంటావే?” అని అమ్మ కసురుతుంది. అమ్మాయి కూడా తన తప్పేనని నమ్ముతుంది. పరీక్షలు వస్తాయి. రాత్రి రెండు గంటల దాకా చదువు, మధ్యమధ్య దుప్పటి కింద సెల్‌ఫోను. మూడు గంటలు పడుకొని లేచిన ఉదయం చేతులు రెండు మూడు సార్లు అదిరి, పెద్ద ఫిట్ వస్తుంది. ఇంట్లోవారు పరీక్షల భయం అంటారు, దిష్టి అంటారు. ఈ రకం మూర్ఛకు మంచి మందులున్నాయి. ఎక్కువమందికి ఫిట్స్ పూర్తిగా అదుపులోకి వస్తాయి. కాని మందు వేసుకుంటూ కూడా నిద్ర మానితే మళ్లీ వస్తాయి. పెళ్లి ఇంట్లో జాగారం, రాత్రి ప్రయాణం, పరీక్షల ముందు రోజు, ఈ మూడూ ఇటువంటివారికి గండాలు. పైగా వీరిలో కొందరికి మెరుపు వెలుగు కూడా పడదు. అంటే రెండు దారులూ వారి దగ్గర కలుస్తాయి.

ఆసుపత్రిలో ఇ.ఇ.జి. తీసే పద్ధతి ఈ రెండు దారులకూ సాక్ష్యం. పరీక్షకు ముందు రాత్రి తక్కువగా నిద్రపొమ్మని వైద్యులు కొందరికి చెబుతారు. తలకు తీగలు అమర్చిన తరువాత కళ్లముందు ఒక దీపాన్ని రకరకాల వేగాలతో మెరిపిస్తారు. ఇంట్లో ఏవి వద్దంటారో ఆ రెండింటినీ, పక్కన వైద్యుడు ఉండగా, కావాలని చేసి మెదడు ఎలా స్పందిస్తుందో చూస్తారు. హోసూరు రోడ్డు మీదనే ఉన్న బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి ఇటువంటి పరీక్షలకూ పరిశోధనకూ పేరుపొందినది. కర్ణాటక దక్షిణ ప్రాంతంలో తల మీద వేడినీళ్లు పోసుకొనేటప్పుడు మాత్రమే వచ్చే ఒక వింత మూర్ఛ ఉంది. దానిని గురించి ఇక్కడి వైద్యులు ఎంతో శోధించారు. ఒకరికి మెరుపు, ఒకరికి వేడినీళ్లు, మరొకరికి నిద్రలేమి. ఎవరి ఫిట్స్‌ను ఏది రేపుతుందో కనిపెట్టడానికి ఒక చిన్న నోటుపుస్తకం చాలు. ఫిట్ వచ్చిన తేదీ, వేళ, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నదీ, మందు వేసుకున్నదీ లేనిదీ రాసిపెడితే వైద్యుడికి అది పది మాటల పెట్టు.

పడకగదిలో చేయవలసిన మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పడుకొనే ముందు గంటసేపు తెరలకు సెలవు ఇవ్వాలి. ఫోను మరో గదిలో ఉంటే మేలు. ఒకే గది ఉన్న ఇంట్లో అది పెద్దవారి తలగడ దగ్గర ఉండాలి. పొద్దున మేలుకొలుపుకు పాత అలారం గడియారం చాలు. సెలవు రోజులలో కూడా ఇంచుమించు అదే వేళకు పడుకొని, అదే వేళకు లేవాలి. ఆదివారం పది గంటల దాకా పడుకుంటే సోమవారం గడియారం మళ్లీ తడబడుతుంది.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. నిద్రలో ఫిట్స్ వచ్చే బిడ్డ ఉన్న ఇంట్లో తల్లికి చీకటి పనికిరాదు. రాత్రి ఏ వేళ లేచినా బిడ్డ ముఖం కనిపించాలి. అటువంటి ఇంట్లో తెల్లని ట్యూబులైటు తెల్లవార్లూ వెలుగుతుంటుంది. బిడ్డ కోసం పెట్టిన దీపమే బిడ్డ నిద్రను పలుచబరుస్తుంది. పసుపు లేదా ఎరుపు రంగు జీరో బల్బును నేలకు దగ్గరగా, పడుకున్నవారి కళ్లకు నేరుగా తగలకుండా అమర్చుకుంటే తల్లి అవసరం తీరుతుంది, నిద్రా చెడదు. బిడ్డ బోర్లా పడుకుంటే వెల్లకిలకో పక్కకో తిప్పాలి.

ప్రపంచంలో సుమారు ఐదు కోట్లమందికి మూర్ఛవ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే పెద్ద బడిలో ఒకరిద్దరైనా ఉంటారు. వారి పేరు మాత్రం తెలియదు, ఎందుకంటే ఇళ్లలో దాస్తారు. ఆడపిల్లయితే మరీ దాస్తారు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా మూర్ఛ పేరు కూడా ఉండేది. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టం నుంచి తొలగించింది. అయినా సంబంధాలు చూసేవేళ ఆ భయం పోలేదు. దాచడం వల్ల ముందుగా పోయేది మందు. పక్కింటివారు చూస్తారని మాత్ర వేసుకోరు, చుట్టాలింటికి వెళితే డబ్బా తీసుకుపోరు, పెళ్లిలో అందరితోపాటు జాగారం చేయనని చెప్పలేరు.

అందుకే తరగతిలో ఎవరైనా పడిపోతే ఏం చేయాలో తోటి పిల్లలకు తెలిసి ఉండాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, చెప్పు వాసన చూపించడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంచడం వల్ల ఫిట్ ఆగదు. అది చాలావరకు రెండు మూడు నిమిషాలలో దానంతట అదే ఆగుతుంది. తాళాలు పెట్టినవారు తమ వల్లనే ఆగిందనుకుంటారు. బల్లలు, రాళ్లు తగలకుండా పక్కకు జరపాలి. తల కింద మడిచిన తువ్వాలో పుస్తకాల సంచో పెట్టాలి. చొక్కా మెడ గుండీ వదులు చేసి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా గాని, నీళ్లు గాని పెట్టకూడదు. ఒకరు గడియారం చూస్తూ ఉండాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి మెలకువ రాకుండానే మరొకటి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. లేకపోతే గుమిగూడినవారిని పంపించి, గాలి ఆడేలా చేసి, ఒకరు పక్కన కూర్చుంటే సరిపోతుంది. ఫిట్ ఆగిన తరువాత వచ్చే మగత నిద్ర అరగంట ఉండవచ్చు, గంట ఉండవచ్చు. మొహాన నీళ్లు చల్లి లేపవద్దు. కిటికీ రెక్క దగ్గరగా వేసి, పడుకోనివ్వాలి.